నీలం జర్కిన్‌లో ఇంకొకడు

ఆ చెవి తన భర్తది కాదు.

కళ్ళజోళ్ళ షాపులో రోజంతా జనం చెవుల వెనక వేళ్ళు పెట్టి ఫ్రేములు సరిచేసే మనిషి ఆమె. మొహాలు మరిచిపోతుందేమో గానీ చెవులు మరిచిపోదు. భర్త మెకానిక్. అతని ఎడమ చెవి కుడిదానికన్నా కాస్త పైకి ఉంటుంది. అతను మొదటిసారి చలవ కళ్ళద్దాలు కొనడానికి షాపుకొచ్చినప్పుడే, "మీకు ఏది పెట్టినా వంకరగానే కూర్చుంటుందండీ. తప్పు నాది కాదు, మీ చెవిది" అందామె. అతను పడీపడీ నవ్వి, ఆ రోజే ఆమెకి డాక్టరమ్మ అని పేరు పెట్టేశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అదే పిలుపు.

ఎదుటి సీట్లో కిటికీకి తల ఆనించి, టోపీ కళ్ళమీదకి లాక్కుని కూర్చున్న మనిషి ఒంటిమీద ఉన్నది మెకానిక్ నీలం జర్కినే. మోచేతి దగ్గర గ్రీజు మరక కూడా అదే. అది చూసే ఆమె రెండు టీ కప్పులతో వచ్చి కూర్చుంది. చాలాసేపు తన పాటికి తాను మాట్లాడుతూనే ఉంది. నిద్ర నటించొద్దని దెబ్బలాడింది. రాత్రంతా గురకపెట్టి మళ్ళీ ఈ పగటి నిద్రేమిటని దెప్పింది. రైలు మలుపు తిరిగి, ఎండ ఆ మొహమ్మీద పడ్డాకే చూసింది.

చెవులు రెండూ సమానంగా ఉన్నాయి.

వీళ్ళిద్దరూ ఇక్కడిదాకా వచ్చిన దారి ఒక్కసారి గుర్తుచేసుకోవాలి. కొన్ని వారాల కిందట వాళ్ళ సొంత కారు బ్రేకులు నడిరోడ్డు మీద చేతులెత్తేశాయి. ఇసుక గుట్టలోకి దూసుకెళ్ళబట్టి బతికారు. తన షెడ్డులో బండి కిందకి దూరి చూసిన మెకానిక్‌కి తెలిసిపోయింది. బ్రేకు గొట్టం తెగింది కాదు, ఎవరో కోసింది. భార్యకి చెప్పలేదు. "ఈసారి సెలవుల్లో కారు మాటే ఎత్తొద్దు. రైళ్ళమీద ఊళ్ళు చూసొద్దాం" అన్నాడు. కారు గొట్టం కోసినట్టు రైలుకి కోసి, ఒక్క మనిషిని చంపడం ఎవరివల్లా కాదని అతని ధైర్యం. ఏ ఊరు వెళ్ళాలో స్టేషన్‌లో నిలబడి నాణెం ఎగరేసి తేల్చుకుంటూ వచ్చారు. అయినా ఓడరేవు ఊళ్ళో హోటల్ బాల్కనీ రెయిలింగు, ఆమె చెయ్యి వేయగానే ఊడి కిందపడింది. మరలన్నీ విప్పి ఉన్నాయి. నిన్ననే, ఇక దాచలేక, మెకానిక్ ఆమెకి అంతా చెప్పేశాడు. మనం విహారానికి రాలేదు డాక్టరమ్మా, పారిపోతున్నాం అన్నాడు.

ఇప్పుడు అతను లేడు. అతని జర్కిన్ ఉంది.

"టీ చల్లారిపోతోంది. నేను తాగొచ్చా?" అన్నాడు జర్కిన్‌లోని మనిషి.

టోపీ పైకి నెట్టాడు. వయసు మళ్ళిన, గుండ్రటి, మర్యాదైన మొహం. మెకానిక్ గోళ్ళలో ఎంత కడిగినా పోని నలుపు ఉంటుంది. ఈ మనిషి గోళ్ళు శుభ్రంగా, గులాబీరంగులో ఉన్నాయి.

"మా ఆయన ఎక్కడ?"

"కూర్చోండమ్మా. అరిస్తే అందరూ తిరిగి చూస్తారు, మీకే ఇబ్బంది. మీ ఆయన క్షేమంగా ఉన్నారు. ఈపాటికి ఇంటిదారి పట్టేసుంటారు."

"ఎవరు నువ్వు?"

"మీరు అనండి, మీకన్నా పెద్దవాణ్ణే." అతను కప్పు అందుకున్నాడు. "తప్పిపోయినవాళ్ళని వెతికి ఇంటికి చేర్చే ఏజెంటునమ్మా. చాలా రకాలవాళ్ళని చూశాను. ఇల్లొదిలిపోయిన పిల్లలు ఒక రకం. అలిగి వెళ్ళిన అల్లుళ్ళు ఇంకో రకం. వాళ్ళతోనే కష్టం, దొరికినా రారు, మళ్ళీ బతిమాలాలి. మూడోరకం మతి చెదిరినవాళ్ళు. మీ ఆయన మూడోరకం అని చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

"మీ ఇంట్లోవాళ్ళే."

రైలు మొదటి సొరంగంలోకి దూరింది. పెట్టెలో దీపాలు మసకగా వెలిగాయి. చక్రాల మోత గోడలకి తగిలి తిరిగొచ్చి చెవుల్లో పడుతోంది. ఆ మోతలో ఆమె ముందుకి వంగి, అతని కప్పు పట్టుకున్న మణికట్టు గట్టిగా పట్టుకుంది. టీ తొణికి జర్కిన్ మీద పడింది.

"ఎలా దింపారు ఆయన్ని? మొదట్నుంచీ చెప్పండి. ఒక్క మాట వదలొద్దు."

ఏజెంటుకి కోపం రాలేదు. తన పనితనం గురించి అడిగినందుకు సంతోషించినట్టే కనిపించాడు.

"కొండ కింద ఆఖరి స్టేషన్ వచ్చింది కదా, బండి అక్కడ కాసేపు ఆగింది. మీరు టీ కోసం ఆ చివరి పెట్టెకి వెళ్ళారు. నేను వచ్చి ఒకటే మాట చెప్పాను. 'మీ ఆవిడ ప్లాట్‌ఫారం మీద కళ్ళు తిరిగి పడిపోయిందయ్యా, బయటికి మోసుకెళ్ళారు, పరిగెత్తు' అన్నాను. అంతే. జర్కిన్ తీసుకోలేదు. ఒక కాలికి బూటు, ఇంకో కాలు మేజోడుతోనే దిగాడు. స్టేషన్ బయట మనవాళ్ళ కారు ఉంది. 'ఆవిణ్ణి ముందు బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఎక్కండి' అన్నాడు డ్రైవరు. ఎక్కాడు. నేను వచ్చి రైలెక్కాను. సీటు ఖాళీగా ఉంటే మీరు గొలుసు లాగుతారని, సొరంగాలు వచ్చేదాకా ఇలా కూర్చోమన్నారు."

ఆమె చెయ్యి సడలింది.

మెకానిక్ ఏ బండి ఎక్కినా ముందు కిందకి వంగి చూస్తాడు. చక్రాల దగ్గర తడి ఉందా, గొట్టాలు సరిగా ఉన్నాయా అని. ఎక్కాక బ్రేకు తొక్కి చూడందే తాళం తిప్పడు, తిప్పనివ్వడు. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ బట్టల్లో రోడ్డుమీద బోర్లా పడుకుంటే ఆమె ఎన్నిసార్లు తల కొట్టుకుందో. అతని అక్క మొగుడు, బావగారు పోయినప్పటినుంచీ ఆ అలవాటు. ఆయన బండి ఆ పొద్దున్నే షెడ్డులో బాగయి వెళ్ళింది, మధ్యాహ్నానికి లోయలో పడింది. డ్రైవింగులో నిద్రపోయుంటాడని విచారణలో తేలినా, మెకానిక్ వినలేదు, తన మరమ్మతులోనే లోపముందేమోనన్న అనుమానం వదల్లేదు. అప్పట్నుంచీ చూడకుండా ఏ బండీ ఎక్కలేదు.

ఈ ఒక్కసారి ఎక్కాడు. ఆమె కోసం.

ఈ సంగతి తెలిసినవాళ్ళే ఆ అబద్ధం అల్లారు. అతని చేత కారు ఎక్కించాలంటే ఆ మాట తప్ప ఇంకేదీ పనికిరాదని వాళ్ళకి తెలుసు.

"ఆయన మతి చెదిరిందని ఏం గుర్తులు చెప్పారు మీకు?" అని అడిగింది. 

"పాపం, అంతా వివరంగా చెప్పారమ్మా. కారు చూస్తే వణుకుతాడట. బ్రేకులు ఎవరో కోశారంటాడట. హోటల్లో బాల్కనీ ఊడిపడితే అది కూడా ఎవరో విప్పారని గోల చేశాడట. మిమ్మల్ని కూడా నమ్మించేశాడు, చూడండి, అదే జాలి..."

"బాల్కనీ సంగతి ఎప్పుడు చెప్పారు?"

"ఆ పొద్దున్నే. మెసేజు పెట్టారు."

"మేం అది ఎవరికీ చెప్పలేదు."

ఏజెంటు కప్పు దించాడు.

"హోటల్‌వాళ్ళకి కూడా చెప్పలేదు. ఆయన స్నానాలగదిలోకి పిలిచి, కుళాయి తిప్పి, నా చెవిలో చెప్పాడు. గదికి తాళం పెట్టి అప్పటికప్పుడు స్టేషన్‌కి వచ్చేశాం. మరి మీకు మెసేజు పెట్టినవాళ్ళకి ఎలా తెలిసింది? చెప్పండి పెద్దాయనా. విప్పినవాళ్ళకి కాక ఇంకెవరికి తెలుస్తుంది?"

సొరంగం అయిపోయింది. ఒక్కసారిగా వెలుతురు. ఆ వెలుతురులో ఏజెంటు మొహం ఇందాకటికన్నా ముసలిదిగా కనిపించింది.

"ఆ ఊళ్ళో నేను గది ఏదో కనుక్కుని పంపానమ్మా. అంతవరకే నా పని. మరలూ అవీ నాకు..."

"డ్రైవరు?"

"ఏ డ్రైవరు?"

"మా ఆయన్ని ఎక్కించుకున్న డ్రైవరు. అతన్ని అంతకుముందు ఎక్కడైనా చూశారా?"

ఏజెంటు జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీశాడు. జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీశాడు. 

"చూశాను" అన్నాడు ఆఖరికి. "ఓడరేవు ఊళ్ళో. మీ హోటల్ మెట్లు దిగుతూ ఎదురయ్యాడు. చేతిలో స్పానర్ల సంచి ఉంటే, కుళాయిలు బాగుచేసేవాడేమో అనుకున్నాను. ఇవాళ స్టేషన్ బయట చూసి, ఎక్కడో చూసిన మొహంలా ఉందే అనుకున్నా. అంతే అనుకున్నా. నిజంగా అంతే అనుకున్నానమ్మా."

"అతనికి ఫోన్ చెయ్యండి."

"నంబరు లేదు."

"పని అప్పజెప్పినవాళ్ళకి చెయ్యండి."

చేశాడు. స్పీకర్ పెట్టాడు. ఆ నంబరు వాడుకలో లేదని ఒక యంత్రం గొంతు చెప్పింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే గొంతు.

"ఇందాకటిదాకా పనిచేసిందే" అన్నాడు. "వాళ్ళ గొంతు ఒక్కసారి కూడా వినలేదమ్మా నేను. అన్నీ మెసేజులే. ఇంటి పరువు సంగతి, మాటల్లో వద్దు అన్నారు. నేనూ నిజమే కదా అనుకున్నా."

మెకానిక్ ఫోనుకి చేద్దామని ఆమె తన ఫోను అందుకుంది. నొక్కింది. ఏజెంటు గుండెలమీద, నీలం జర్కిన్ లోపలి జేబులో, మెకానిక్ ఫోను మోగింది. ఇద్దరూ ఆ జేబునే చూస్తూ కూర్చున్నారు.

డాక్టరమ్మ లేచి గొలుసు మీద చెయ్యి వేసింది.

"ఆగండాగండి! ఏమిటమ్మా అది, బట్టలారేసుకునే తీగనుకున్నారా?"

టీసీ. నల్లకోటు గుండీలు తీసుకుని, ఎక్కడో కునుకు తీసి వస్తున్నాడు. ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. ఏజెంటు తలదించుకుని అవునన్నాడు. టీసీ కునుకు వదిలిపోయింది. గుండీలు పెట్టుకున్నాడు.

"గొలుసు లాగొద్దమ్మా. ఇక్కడ ఆగితే మీరు దిగేది అడవిలో. ఊరు లేదు, రోడ్డు లేదు. ముందుకు వెళ్ళడమే దగ్గర. ఆ కారు ఏ దారిన వెళ్ళింది?"

"కొండదారి" అన్నాడు ఏజెంటు. "పాత ఘాటు రోడ్డున వెళ్ళమని డ్రైవరుకి చెప్పారట. అతనే అన్నాడు."

టీసీ కిటికీలోంచి కొండవైపు చూశాడు. ఆ చూపే ఆమెని భయపెట్టింది.

"ఎలాంటిది ఆ రోడ్డు?"

"కొత్తరోడ్డు వేశాక దాన్ని ఎవరూ వాడటంలేదమ్మా. వానలకి అక్కడక్కడా కోసుకుపోయింది. పక్కన..." చేత్తో లోతు చూపించబోయి, ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "నేను గార్డు దగ్గరికి వెళ్ళి వైర్‌లెస్‌లో చెప్పిస్తా. సొరంగాల్లో అది కూడా సరిగా పలకదు. పోలీసులకి చేరి, వాళ్ళు కదిలి, పైకి వెళ్ళేసరికి... చూద్దాం. రెండో సొరంగం తర్వాత వంతెన వస్తుంది. బండి నెమ్మదిగా నడుస్తుంది. ఇక్కడ సిగ్నల్ పోయుంటుంది, ఇకమీద ఫోన్లు అక్కడ ఒక్కచోటే పలుకుతాయి. ఎవరికి చెయ్యాలో ఇప్పుడే అనుకోండి. రెండో ఫోనుకి టైము ఉండదు."

వెళ్ళిపోయాడు. పెట్టె చివర తలుపు టపటపా కొట్టుకుంది.

ఎవరికి?

ఆ కారు ఆగాలంటే డ్రైవరుకి ఫోను వెళ్ళాలి. డ్రైవరు నంబరు తెలిసింది ఈ పని చేయించినవాళ్ళకే. వాళ్ళెవరో తేలాలి. వంతెన వచ్చేలోగా తేలాలి.

"మేం ఏ ఊరు వెళతామో మాకే తెలియదు. మీకెలా తెలిసేది?" అని అడిగింది ఏజెంటుని.

"అదే నాకూ వింతగా ఉండేదమ్మా. మీరు రైలెక్కకముందే నాకు మెసేజు వచ్చేది. ఏ రైలు, ఏ ప్లాట్‌ఫారం, ఎంత ఆలస్యంగా నడుస్తోంది, దారిలో ఏయే స్టేషన్లు, అన్నీ. నేను కారులో అడ్డదారిన ముందే వెళ్ళి కూర్చునేవాణ్ణి. స్టేషన్‌లో వీళ్ళకి ఎవరో మనిషి ఉన్నాడనుకున్నా."

"ఎంత ఆలస్యమో కూడానా?"

"అది కూడా. ఒకసారి ప్లాట్‌ఫారం మారిస్తే, మారిందని ఇంకో మెసేజు."

ఆమె తన ఫోను వైపు చూసింది.

స్టేషన్‌లో మనిషి లేడు. స్టేషన్‌లో ఉన్నది తను. తన చేతిలో ఫోను.

అత్తయ్య, మెకానిక్ తల్లి, పెద్ద స్టేషన్‌లో అనౌన్సరుగా పనిచేసింది. ఆ రోజుల్లో ఈ రికార్డు చేసిన గొంతులు లేవు. గాజుగదిలో కూర్చుని, మైకు ముందు, వచ్చేపోయే ప్రతి బండినీ తన నోటితో పిలిచిన మనిషి. ఇప్పుడు చూపు పోయింది, కాళ్ళు పడిపోయాయి, ప్రపంచమంతా మంచం పక్కనున్న ఫోనులోకి వచ్చేసింది. వీళ్ళు ప్రయాణం పెట్టుకుంటే ఆవిడ కోరిన కోరిక ఒక్కటే. "ఊళ్ళు చూపించమనను. స్టేషన్ వినిపించండి చాలు." అందుకని రైలెక్కబోయే ప్రతిసారీ డాక్టరమ్మ ఇంటికి ఫోన్ చేసి, లౌడ్‌స్పీకర్ కిందకి వెళ్ళి, చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకునేది. పక్కన మెకానిక్ సామాన్లు మోస్తూ నవ్వేవాడు. అత్తయ్య అక్కడ మంచంలో ఒక్కొక్క ముక్కా విని, "ఛ, ఈ పిల్లకి ఊపిరెక్కడ తీసుకోవాలో తెలీదు. చూడు, ఇలా చెప్పాలి" అని, అదే ప్రకటన తన పాతగొంతుతో ఖణేల్మని మళ్ళీ చెప్పేది. రైలు పేరు, ప్లాట్‌ఫారం, దారిలో స్టేషన్లు, ఆలస్యం. గదంతా మోగేటట్టు.

ప్రాణభయంతో పారిపోతూ, ఎక్కడికి పారిపోతున్నారో ప్రతిసారీ ఇంటికి చాటింపు వేసి మరీ వెళ్ళారు.

ఆ గదిలో ఉన్నవాళ్ళెవరో వింటున్నారు.

మరిది. ఆమె మనసు నేరుగా మరిదిమీదకి పోయింది. షెడ్డు పడగొట్టి షోరూం కడదామని అన్నదమ్ములిద్దరికీ ఏడాదిగా గొడవ. ప్రయాణానికి ముందురోజు, "నువ్వున్నంతకాలం ఇక్కడ ఏదీ మారదన్నయ్యా" అని మరిది స్పానరు విసిరికొట్టిన చప్పుడు ఆమె వంటింట్లోంచి విన్నది. బ్రేకు గొట్టం కోయడం తెలిసిన చెయ్యి. డ్రైవర్లు, మెకానిక్కులు అందరూ దోస్తులే. ఆ మధ్యాహ్నం అందరూ బిగుసుకుపోతే, మెకానిక్ అక్క, వదినే వచ్చి అన్నం వడ్డించి సర్దిచెప్పింది. "మీరిద్దరూ ఆ కారూ కర్మా మానేసి రైళ్ళమీద కొన్నాళ్ళు తిరిగి రండి. అమ్మని నేను చూసుకుంటాగా" అని పంపింది. మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చినప్పట్నుంచీ ఆ ఇంట్లో అందరి మధ్యా అంటుకడుతున్నది వదినే.

రెండో సొరంగం. మళ్ళీ చీకటి, మళ్ళీ ఆ మోత.

ఏజెంటు జర్కిన్ విప్పేశాడు. మడతపెట్టి ఆమె పక్కన పెట్టాడు. "ఇన్నేళ్ళలో ఇలాంటిది..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆమె అతనివైపు చూడలేదు. ఫోను మీద, ఒక్క గీత కూడా లేని సిగ్నల్ గుర్తునే చూస్తోంది.

వెలుతురు. కింద లోయ, సన్నటి నీళ్ళు, ఇనుప వంతెన. రైలు నడక మందగించింది. ఫోనులో ఒక గీత వచ్చింది. ఆమె నొక్కింది.

"హలో. ఏమే అమ్మాయ్, అప్పుడే జంక్షన్ వచ్చేసిందా? ఇంకా రాకూడదే!" అత్తయ్య గొంతు. ఎప్పటిలాగే బండెడు ఉత్సాహం.

"రాలేదత్తయ్యా. నా మాట వినండి. ముందు స్పీకరు తీసేయండి."

"అది ఎప్పుడూ స్పీకర్లోనే కదుటే ఉండేది. ఎలా తియ్యాలో నాకేం తెలుసు? ఏమైంది నీ గొంతు? జలుబు చేసిందా?"

గదిలో ఎవరున్నా వింటున్నారన్నమాట. విననీ. ఇక దాచి లాభంలేదు.

"మరిది గదిలో ఉన్నాడా?"

"వాడెందుకుంటాడు? షెడ్డులో రేకు కొడుతున్నాడు. వినబడటంలా?"

వినబడుతోంది. దూరంగా, తెంపులేకుండా, సుత్తి దెబ్బలు.

"మేం స్టేషన్‌లోంచి ఫోన్ చేసినప్పుడు వాడు మీ దగ్గరుంటాడా?"

"ఒక్కనాడూ లేడు. వాడికీ అన్నకీ మాటల్లేవుగా. మీ ఫోనంటే లేచి వెళ్ళిపోతాడు. ఇవన్నీ ఎందుకు? మీ ఆయనెక్కడ? వాడికివ్వు ఫోను."

"ఆయన లేరత్తయ్యా."

"లేకపోవడమేమిటి?"

"ఎవరో ఆయన్ని మోసం చేసి రైల్లోంచి దింపి, కారెక్కించి, పాత ఘాటు రోడ్డుమీద తీసుకుపోతున్నారు. ఆ డ్రైవరు మంచివాడు కాదు. మా కారు బ్రేకులు కోసింది కూడా వీళ్ళే. మేం ఎక్కడున్నదీ వాళ్ళకి ప్రతిసారీ తెలిసిపోతోంది. నేను ఫోను పైకెత్తి పట్టుకున్నప్పుడు మీరు మళ్ళీ చెబుతారే, అది విని చెప్పారు. మీ గదిలోంచే వెళ్ళిందత్తయ్యా ఆ కబురు."

అవతల సుత్తి దెబ్బలు సాగుతున్నాయి.  వంతెన సగం దాటింది.

"అత్తయ్యా! ఉన్నారా? డ్రైవరుకి ఫోన్ చేసి ఆపగలిగేది వాళ్ళొక్కరే. నేను చేతులెత్తి దణ్ణం పెడతా. మీరు బండ్ల పేర్లు చెబుతుంటే మీ పక్కన కూర్చుని వినేదెవరు?"

"ఆ మారిన ప్లాట్‌ఫారం..." అంది అత్తయ్య. గొంతులో ఉత్సాహం ఎటుపోయిందో పోయింది. "మొన్న ప్లాట్‌ఫారం మార్చారు చూడు. నాకు సరిగా పట్టుబడలేదు, వదిలేశాను. ఇంకోసారి చెప్పమ్మా, ఏ ప్లాట్‌ఫారం అన్నారు అని గుచ్చిగుచ్చి అడిగితే, నా అనౌన్సుమెంటు అంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయానే..."

"ఎవరు అడిగారు?"

"నేను చెబితే వాడు బతుకుతాడా?"

"నాకు తెలీదత్తయ్యా. చెప్పకపోతే మాత్రం బతకడు."

ఆవిడ ఊపిరి వినిపించింది. కొడుకుకీ ఇంకొకరికీ మధ్య నిలబడిన మనిషి ఊపిరి. తర్వాత ఆవిడ చాలా నెమ్మదిగా మాట్లాడింది. ఒక్కొక్క మాటా విడివిడిగా.

"అమ్మాయ్, నువ్వు ఫోన్ చేసినప్పట్నుంచీ నా పక్కన కూర్చుని కాళ్ళు ఒత్తుతున్నారు. నువ్వు ఘాటు రోడ్డు అన్నప్పుడు ఆ చేతులు ఆగిపోయాయి. ఇప్పుడు లేచి నడిచిన చప్పుడైంది. తలుపు దగ్గరికి వేశారు. గడియ పెట్టారు."

వంతెన చివర మూడో సొరంగం నోరు తెరుచుకుని కనబడుతోంది. ఇంజను అప్పుడే అందులోకి దూరింది.

"ఎవరత్తయ్యా? పైకి చెప్పండి! ఎవరు?"

"నా కూతురు" అంది అత్తయ్య, గడియ పెట్టిన మనిషికి కూడా వినబడేటట్టు. "మీ వదిన."